కడుపులో సారాబట్టీ

"ఇంకోసారి ఊదప్పా," అన్నాడు డిపో మేనేజరు శ్రీరంగప్ప.

బస్సు డ్రైవరు ఆదెప్ప గట్టిగా ఊదాడు. మిషను మళ్లీ కుయ్యిమంది.

"సార్, చుక్క ముట్టలేదు. పొద్దున ఇంత అన్నం తినొచ్చినా, అంతే."

"అన్నం తింటే మిషను అరుస్తాదా? ఇంక నీ ఉద్యోగం పోయినట్టే!"

సంగతి తెలిసి భార్య జయంతి కొంగు బిగించి డిపోకే వచ్చింది. "మా ఆయప్ప తాగడు సార్! నిరూపించుకొనే వస్తాం. అంతవరకూ పేరు కొట్టేస్తే ఊరుకునేది లేదు," అని అందరి ముందూ దులిపేసింది. తోటి డ్రైవర్లు చాటుగా నవ్వుకుంటున్న ఆ పూట, పెళ్లాం ఒక్కతే వెనకేసుకొచ్చింది. ఆదెప్పకు కళ్లు చెమర్చాయి.

అనంతపురం ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ పరీక్షల కోసం అతన్ని వార్డులో చేర్చుకుంది. జయంతి గుమ్మం దగ్గరే చాప పరిచింది. చూడ్డానికొచ్చిన వాళ్లను లోపలికి రానివ్వలేదు. నీళ్ల సీసా కూడా తనే కడిగి నింపేది. ఎంత ప్రేమో అని మురిసిపోయాడు ఆదెప్ప.

అన్నం, చక్కెర పెట్టి రక్తం పరీక్ష చేస్తే మద్యం తేలింది!

"మీ పేగుల్లో ఈస్టు అతిగా పెరిగిందప్పా. తిన్న అన్నాన్ని అదే సారా చేస్తాంది," అంది డాక్టరు. "అన్నం, తీపి తగ్గించండి. మాత్రలతో పాటు ఉల్లి, వెల్లుల్లి, ఉలవలు కొంచెం కొంచెంగా పెంచండి. వాటిలో పీచు మంచిది."

"ఆ పీచు తిని ఈస్టు ఇంకా బలుస్తాదేమో మేడం?" అంది జయంతి.

"దానికి అది సరిగా అరగదమ్మా. మంచి సూక్ష్మజీవులకైతే విందు. అవి పెరిగి పేగుల్లో పులుపు పుట్టిస్తే ఈస్టు అణుగుతుంది."

మొదట్లో కడుపు ఉబ్బి ఆదెప్ప నానా అవస్థలు పడ్డాడు. జయంతి మాత్రం పట్టు వదల్లేదు. ఉలవలు వండింది, దగ్గర కూర్చుని తినిపించింది. మెల్లగా ఒళ్లు తేలికైంది.

మళ్లీ డిపో. ఆదెప్ప కడుపునిండా తిని వచ్చి మరీ ఊదాడు. సున్నా! డాక్టరిచ్చిన కాగితం చూసి శ్రీరంగప్ప తల దించుకున్నాడు.

"తప్పైపోయిందప్పా. రేపు గుత్తి సర్వీసు నీదే."

బయటికొచ్చాక ఆదెప్ప భార్య వైపు తిరిగాడు. "ఊరంతా తాగుబోతన్నారే! ఆ పొద్దు నువ్వొక్కదానివే నన్ను నమ్మినావు జయంతీ."

జయంతి అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"వార్డు గుమ్మంలో కాపలా ఎందుకు కాసినాననుకున్నావు? నేనూ నమ్మలేదయ్యా."