ఎప్పటిలాగే ఉంది చెల్లెమ్మా

“చూస్తూ కూర్చుంటే ఎలా బావా? నోట్లో పెట్టుకుని చెప్పు!” అన్నాడు నిజాముద్దీన్ ఆత్రంగా.

గంగాధరరావు కబాబ్ ముక్క నోట్లో వేసుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు. గుడివాడలో హోటల్ సామాన్లు అమ్మే శోభనాద్రి కొట్టు అది. మూడు గ్యాస్ గ్రిల్లులు వరసగా వెలుగుతున్నాయి. మసాలా పట్టించిన ఖీమాని నిజాముద్దీన్ భార్య మహమూదా స్టీలు క్యారియర్లో సర్దుకుని, బందరు నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చింది. రంజాన్ నెల. మొగుడూ పెళ్ళాలిద్దరికీ ఉపవాసం. నాలుక మీద వేసుకుని ఉమ్మేయొచ్చని కొందరంటారు గానీ, నిజాముద్దీన్ అలాంటి సందుగొందులు ఒప్పుకునే మనిషి కాదు. పోనీ పొద్దుగూకాక చూద్దామంటే అప్పటికి బందరులో బండి దగ్గర ఉండాలి. చల్లారిన కబాబ్‌తో ఏ పొయ్యి గొప్పో ఏం తేలుతుంది? అందుకే గంగాధరరావుని వెంటబెట్టుకొచ్చారు.

ఆయన చుట్టం కాదు, చుట్టం కన్నా ఎక్కువ. వాళ్ళ కబాబ్ బండి పక్కనే రోల్డ్‌గోల్డ్ నగలకి మెరుగు పెట్టే కొట్టు ఆయనది. ఏళ్ళ తరబడి రోజూ తొలి కబాబ్ ఆయనకే. “జీలకర్ర ఎక్కువైంది చెల్లెమ్మా”, “అల్లం పచ్చివాసనేస్తోంది” అంటూ ఏదో ఒక వంక పెట్టేవాడు. ఆ వంకలు దిద్దుకుంటూనే మహమూదా చేతికి పేరు తెచ్చుకుంది. పోయినేడు టైఫాయిడ్‌తో మంచాన పడి లేచిన రోజు కూడా, ఇంట్లో వద్దంటున్నా వినకుండా తిన్నగా బండి దగ్గరికే వచ్చాడు. అప్పట్నుంచీ ఆయనది ఒకటే మాట: “ఎప్పటిలాగే ఉంది చెల్లెమ్మా.” ఇక వంక పెట్టడానికి ఏమీ మిగల్లేదు కాబోలని ఆమె మురిసిపోయింది.

ఇప్పుడొచ్చిన గండం వేరు. బండి వెనక మేడలో పిల్లల డాక్టరుగారు ఆసుపత్రి తెరిచి, బొగ్గుల పొగ పనికిరాదన్నారు. గ్యాస్ అయినా పెట్టాలి, చోటైనా వదలాలి. చేతిలో ఉన్నది చీటీ పాడిన డబ్బు. లోపల నల్లరాళ్ళు పరిచిన మొదటి గ్రిల్ దాన్ని మొత్తం మింగేస్తుంది. రెండోదీ దాదాపు అంతే. మూడోది రేకు సరుకు, సగంలో తెమిలిపోతుంది. కానీ రుచి పోతే బండే పోతుంది.

శోభనాద్రి టీ తెప్పించాడు. ఒక గుక్క తాగి, “ఛీ! పంచదారే వెయ్యలేదు వెధవ,” అంటూ గ్లాసు అవతల పెట్టాడు. గంగాధరరావు అప్పటికే తన గ్లాసు ఖాళీ చేసి మూడో ముక్క అందుకున్నాడు.

“మీవాడు అనీస్‌కి కాలేజీ ఫీజు కట్టావా బావా?” అన్నాడు నములుతూ.

“ఇందులో ఏమన్నా మిగిల్తే కడతాను. ముందు నువ్వు రుచి సంగతి చెప్పు.”

గంగాధరరావు మూడు గ్రిల్లుల వంకా మార్చి మార్చి చూశాడు.

“మూడోదే తీసుకోండి. అచ్చం బొగ్గుల మీద కాల్చినట్టే ఉంది.”

“నిజంగానా అన్నయ్యా?” అంది మహమూదా.

“నా మాట మీద నమ్మకం లేదా?”

లేకపోవడమేమిటి! అక్కడికక్కడే డబ్బు కట్టేశారు.

ఆ సాయంత్రం ఖర్జూరంతో ఉపవాసం విడిచి, కొత్త గ్రిల్ మీద కాల్చిన ముక్క నోట్లో పెట్టుకుంది మహమూదా. పైన మాడింది, లోపల పచ్చి. పైగా రేకు కంపు. ఆమె ప్రాణం ఉసూరుమంది. అంతలో గంగాధరరావు వచ్చి, రెండు తిని, మూతి తుడుచుకున్నాడు.

“ఎప్పటిలాగే ఉంది చెల్లెమ్మా.”

మహమూదా ఆయన కళ్ళలోకి చూసింది. మొహం మీదే ఇంత అబద్ధమా!

రంజాన్ గిరాకీ కళ్ళముందే పక్క బండికి మళ్ళింది. “ఇది మీ కబాబేనా?” అని పాత ఖాతాదార్లే అడిగారు. వెలిగించిన సరుకు వెనక్కి తీసుకోనన్నాడు శోభనాద్రి. అసలు సంగతి ఆటో బాబ్జీ చెప్పాడు.

“నీకు తెలీదా వదినా? ఆయనా శోభనాద్రీ ఒకే బెంచీలో చదువుకున్నారు. అమ్ముడుపోని సరుకు వదిలించాడు. ఊరికే చేస్తాడా, ఏదో ముట్టే ఉంటుంది.”

“బావ అలాంటివాడు కాదు,” అన్నాడు నిజాముద్దీన్. గొంతులో బలం లేదు.

తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళ గురించి వినడమే గానీ, ఆ మనిషికి ఇన్నాళ్ళూ మహమూదా తన చేత్తోనే పెట్టింది మరి!

పండగనాడు షీర్ ఖుర్మా పాయసం మొదటి క్యారియర్ ఎప్పుడూ గంగాధరరావు ఇంటికే వెళ్తుంది. ఈసారి మహమూదా దాంతోపాటు నాలుగు మాటలు కూడా మూటగట్టుకుని వెళ్ళింది. ఆయన ఇంట్లో లేడు. భార్య ఉమాదేవి నవ్వుతూ ఎదురొచ్చింది.

“రా వదినా, కూర్చో.”

“కూర్చోడానికి రాలేదు. మీ ఇంటికి ఇదే ఆఖరి క్యారియర్.” మహమూదా క్యారియర్ బల్ల మీద పెట్టింది. “శోభనాద్రి దగ్గర ఎంత ముట్టిందో మీ ఆయన్ని అడుగు. మా పొట్ట కొట్టాడు. పోనీ, అంతటితో ఊరుకున్నాడా? ఆ మాడు ముక్కలు తిని, నా కళ్ళలోకి చూస్తూ, ఎప్పటిలాగే ఉందన్నాడు. ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది వదినా?”

ఉమాదేవి మొహంలో నవ్వు ఆరిపోయింది. వీధి తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

“మీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాడు. తెలిస్తే ఆ తొలి కబాబ్ ఇంకొకరికి పెడతావని ఆయన బెంగ.”

“ఏం తెలిస్తే?”

ఉమాదేవి కొంగుతో కళ్ళొత్తుకుంది.

“టైఫాయిడ్ తగ్గింది గానీ, ఆయన నాలుకకి రుచి తిరిగి రాలేదు వదినా.”