వాసన లేని చొక్కా

జగన్నాధం విప్పిన చొక్కాను దేముడమ్మ వాసన చూసింది. మొగుడు పెట్రోలు లాంటి ద్రవంతో పసుపు నుంచి సారం తీసే ఫ్యాక్టరీలో చేరినప్పటి నుంచీ చొక్కాలన్నీ ఆ కంపే.

"ఈమద్దిన కంపు రావట్లేదేటి బావా?"

"కొత్త మిషనొచ్చినాది గదే. సోడాలో కొట్టే గేసునే గట్టిగా నొక్కి సారం లాగుతాది. పనయ్యాక గేసు ఎగిరిపోతాది. ఏటీ మిగల్దు," అన్నాడతను, గోడకు జారగిలబడి.

"మరి పన్జేసే మనుసులో?"

"ఇద్దరు సాలు." అనేశాక నాలుక కరుచుకున్నాడు.

దేముడమ్మ చొక్కా దులిపింది. పసుపు కాదు, ఎర్రటి దుమ్ము రాలింది.

"రేపట్నించి కొత్తవలస టేసన్లో పొద్దల్లా కూకునేది అటేపు బెంచీ మీద కూకో బావా. ఇటేపు ఇనపరాయి గూడ్సుల దుమ్మెక్కువ," అని క్యారేజీ కడగడానికి లేచింది.