యీషున్ ఆంటీ సందేహాలు

"అమ్మాయ్, జంతికల నూనెలో వేడి కొలవడానికి సెన్సర్ ఒకటి కావాలి. ఏది మంచిది?"

ఉద్యోగంలో చేరాక అనన్యకు వచ్చిన మొదటి ఫోన్ అది.

సింగపూరు వన్-నార్త్‌లో ఫ్యాక్టరీలకు సెన్సర్లు అమ్మే ఆ చిన్న కంపెనీకి తెలుగులో ఫోన్ వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. ప్రాణం లేచొచ్చింది. ధరల పట్టికలో అన్నిటికంటే పైనున్నదాన్ని గడగడా చదివేసింది.

"ఇది తీసుకోండి ఆంటీ. వెయ్యి డిగ్రీల దాకా తట్టుకుంటుంది."

"నేను వేయించేది జంతికలమ్మా, ఇనుము కాదు. బాణలి ఎంత లోతో అడగవేంటి? సెన్సర్ కడ్డీ కొస నూనెలో మునగకపోతే అదేం వేడి చెబుతుంది?"

అనన్య నాలుక కరుచుకుంది.

ఆవిడ పేరు తారాదేవి. యీషున్‌లో పిండివంటలు చేసి అమ్ముతుందట. ఆలోచించుకుని మళ్ళీ ఫోన్ చేస్తానంది.

చేసింది. ప్రతి మంగళవారం, సరిగ్గా అనన్య లంచ్ బాక్స్ మూత తీసే వేళకి.

"మకాన్ అయిందా, తిన్నావా? ఏం లేదు, పాలు చల్లబరిచే ట్యాంకుంది. అర డిగ్రీ తేడా కూడా రాకూడదు. థర్మోకపుల్ సెన్సర్ పెట్టాలా, ఆర్టీడీ సెన్సర్ పెట్టాలా?"

"ఆర్టీడీ ఆంటీ. చిన్న తేడా కూడా పట్టేస్తుంది."

"మరి రోజూ వేడినీళ్ళు కొట్టి కడుగుతామే, వైరు అతుకులోకి తడి పోదూ?"

ఇంకో వారం ఇంకోటి.

"చపాతీలు బెల్టు మీద పోతుంటాయి. తాకకుండా వేడి చూడాలి."

"ఇన్‌ఫ్రారెడ్ పెట్టండి. దూరం నుంచే చూస్తుంది."

"మెరిసే స్టీలు మీదికి తిప్పితే అది నిజం చెబుతుందా?"

ఏమో, అనన్యకేం తెలుసు! జవాబుల కోసం, ఇంటికి టోవా పాయో వెళ్ళే ట్రైన్‌లో నిలబడి క్యాటలాగులు తిరగేసేది. మంగళవారం వస్తుందంటే ఒళ్ళు మండేది. ఈవిడ కొనదు, తనను తిననివ్వదు!

ఇలా పన్నెండు వారాలు గడిచాయి. ప్రొబేషన్ గడువు దగ్గరపడింది. గట్టెక్కితే సింగపూరు, లేకపోతే పెట్టె సర్దుకుని ఒంగోలు.

"రేపు బిస్కెట్ ఫ్యాక్టరీ మేనేజర్ వస్తున్నడు," అన్నాడు ఆమె బాస్ తాహెర్. "నువ్వే మాట్లాడాలె. ఆయన ఆర్డర్ ఇస్తే నీ నౌకరీ పక్కా."

అదే సమయానికి ఫోన్ మోగింది.

"అమ్మాయ్, చిన్న సందేహం..."

"ఆంటీ! మూడు నెలల్నించీ అడుగుతానే ఉన్నారు, ఒక్కటన్నా కొన్నారా? రేపు నా ఉద్యోగం ఉంటదో ఊడుద్దో తెలియదు. దయచేసి నన్నొదిలెయ్యండి!"

అవతల ఆవిడ చిన్నగా నవ్వింది.

"సరేలేమ్మా. ఇంక అడగాల్సింది కూడా ఏం లేదు."

మర్నాడు బిస్కెట్ మేనేజర్ కూర్చుంటూనే గోల మొదలెట్టాడు. ఓవెన్ సెన్సర్ రెండొందల డిగ్రీలు చూపిస్తోంది, బిస్కెట్లు మాత్రం పచ్చిగా దిగుతున్నాయి. అన్నిటికంటే ఖరీదైన సెన్సర్ ఇమ్మన్నాడు.

"ముందు దాని కొస ఎక్కడుందో చూపిస్తారా?" అంది అనన్య.

ఆయన ఫోన్‌లో ఫొటో చూపించాడు. కొస వెళ్ళి ఓవెన్ గోడకి ఆనుకుని ఉంది.

"ఇది గోడ వేడి చెబుతోందండీ, బిస్కెట్లది కాదు. ఖరీదైనది అక్కర్లేదు. బిస్కెట్ల దగ్గరి దాకా వచ్చేలా పొడుగు కడ్డీ ఉన్న మామూలు థర్మోకపుల్ చాలు."

మేనేజర్ ఆమె వంక చూశాడు, ఫొటో వంక చూశాడు, పకపకా నవ్వాడు. అప్పటికప్పుడు ఆరు ఓవెన్లకూ ఆర్డర్ రాసిచ్చాడు.

తాహెర్ ఉద్యోగం ఖాయం చేసిన కాగితం చేతికిచ్చాడు. అనన్య మొహం మాత్రం చిన్నబోయింది. కొస ఎక్కడుందన్న ఆ ప్రశ్న తనది కాదు, తారాదేవిదని ఆమెకు తెలుసు. సిగ్గేసింది.

"సార్, ఒక కస్టమర్‌కి సారీ చెప్పాలి. యీషున్ తారాదేవిగారు. నిన్న ఆమె మీద అరిచాను. లిస్టులో ఎంత వెతికినా పేరు దొరకట్లేదు."

"దొరకదు. ఇగ ఫోన్ గూడ రాదు," నవ్వాడు తాహెర్. "పిల్ల తయారైందని నిన్ననే నాకు చెప్పిన్రు."

"ఆమె మీకెలా తెలుసు సార్?"

"ఆ మేడం నీ కుర్చీల ఇరవై ఏండ్లు పనిచేసి రిటైరయిన్రు. కొత్తగ ఎవరు చేరినా గిట్లనే ఫోన్ చేసి పని నేర్పుతరు, నాక్కూడ ఆమెనే నేర్పిన్రు."