గోరింక అనుమానం

దేవుడు ఆ తుమ్మల అడవికి గొంతులెన్నో ఇచ్చాడు గానీ, నాయనలారా, గాలి మాత్రం ఒక్కటే ఇచ్చాడు. అందుకే పిట్టలు ఒకటి ఆగాక ఒకటి కూసేవి. తీతువు ఆపద కూత పెడితే మాత్రం అందరూ నోరు మూయాలని కట్టుబాటు.

సరిగ్గా తను పాడబోయే వేళకే తీతువుకు ఆపదలు గుర్తొస్తాయని గోరింకకు అనుమానం.

ఆ ఉదయం గోరింక గొంతు సవరించుకుంటుండగానే "పాము, పాము" అంది తీతువు.

"చూశారా, నా వంతు రాగానే మొదలెట్టింది. ఏదీ పాము? ఎవరు చూశారు?" అంటూ గోరింక కొమ్మకొమ్మకూ తిరిగి గట్టిగా అడిగింది.

తన తొర్రకు తిరిగొచ్చేసరికి అందులో పిల్లలు లేవు.

"ఎక్కడుందో చెప్పకపోయావా తల్లీ?" అని గోరింక గొల్లుమంది.

"నీ తొర్రలోకే పోతోందని చెబుతూనే ఉన్నాను వదినా," అంది తీతువు. "నువ్వు అడుగుతూనే ఉన్నావు."