చూసిపోదామని వచ్చినాయన

"కొంటారా, చూసిపోతారా?"

కళ్ళజోళ్ళ షాపాయన నోట వచ్చిన మొదటి మాట అదే. ఆయన్నీ తప్పుపట్టలేం. షాపు ముందున్న పాత మోటార్‌సైకిల్‌కి 'అమ్మబడును' అని అట్ట కట్టి వారమైంది. వచ్చిన ప్రతివాడూ ఎక్కి కూర్చోవడం, హారన్ కొట్టడం, ఇంట్లో అడిగి చెబుతానంటూ జారుకోవడం. కొన్నవాడు మాత్రం లేడు.

విసిగిపోయి, దాన్ని షోరూమ్‌కే ఇచ్చి కొత్త బండి తీసుకుంటానని మాటిచ్చేశాడు. సాయంత్రం వాళ్ళ మనిషి వచ్చి పాతదాన్ని తీసుకెళ్తాడు.

కొత్తది దూరప్రయాణాల కోసమే చేసిన బండి. ముందు గాలి అద్దం, రెండు పక్కలా పెట్టెలు, సోఫాలాంటి వెనక సీటు. ఆ సీటు చూసే ఆయన మనసు పారేసుకున్నాడు. పాతదాని మీద కాసేపు కూర్చుంటే చాలు, భార్యకి నడుం పట్టేస్తోంది. ఆవిడ రావడం మానేశాక ఆయనకి ప్రయాణాల మీద రుచి పోయింది.

తీరా చూస్తే అడ్డం పడుతున్నది ఆవిడే.

"కొండ దారిలో వానకి జారిపడి, స్పృహ తప్పిన మిమ్మల్ని ఆసుపత్రికి చేర్చిన బండి అది. అమ్మేస్తారా?"

"బండికేమైనా కాళ్ళున్నాయా, నడిచి రావడానికి? ఎవరో తోలుకొచ్చారు."

"ఆ ఎవరో మనకి దొరకలేదుగా. దొరికినదాన్నయినా ఉంచుకుందాం."

ఈ వాదన నిన్న రాత్రి భోజనాల దగ్గర కూడా తెగలేదు.

ఇప్పుడు వచ్చినాయన చేతిలో సంచి, చొక్కా నిండా ప్రయాణపు దుమ్ము.

"బస్సు మారడానికి దిగానండీ. ఇది కనపడి ఆగాను. బండి మీదేనా?"

"నాదే."

"మొదటి నుంచీ మీదేనా?"

"నాదేనని చెబుతున్నానుగా!"

వచ్చినాయన ట్యాంకు తడిమాడు. "ఈ సొట్ట అలాగే ఉంచేశారే!"

బేరం మొదలెట్టాడు అనుకున్నాడు షాపాయన.

"గేరు రాడ్ మాత్రం మార్చినట్టున్నారు."

"మార్చకపోతే బండి ఎలా నడుస్తుంది? నా మొహంలో ఏముందండీ, ఇంజను చూసుకోండి."

"ఒక్కసారి తోలనిస్తారా?"

తాళం చేతికిస్తే బండితో సహా ఉడాయించేవాళ్ళ గురించి షాపాయన చాలానే విన్నాడు.

"తోలండి. కానీ వెనక నేను కూర్చుంటాను."

వచ్చినాయన ముఖం ఎందుకో వెలిగిపోయింది.

"కూర్చోండి, కూర్చోండి. గట్టిగా పట్టుకోండి."

"నేనేం పసిపిల్లాణ్ణి కాదులెండి."

బండి కదిలింది. మొదటి గేరు, రెండో గేరు. అంతే. వీధి దాటినా, పెద్ద రోడ్డెక్కినా బండి గోల పెడుతూ అలాగే పోతోంది. సైకిలు మీద పాలు పోసే అతను కూడా వీళ్ళని దాటేసి, వెనక్కి తిరిగి మరీ చూశాడు. షాపాయనకి తల కొట్టేసినట్టయింది.

"మూడో గేరు వెయ్యండి సార్!"

"పరవాలేదండీ."

గుంత వచ్చినప్పుడల్లా నెమ్మది చేయడం, తల తిప్పి వెనక్కి చూడడం.

"బాగానే ఉన్నారా?"

"నాకేం రోగం! రోడ్డు చూడండి."

తిరిగి షాపు ముందు దిగాక వచ్చినాయన తాళం వెంటనే ఇవ్వలేదు. అరచేతిలో పెట్టుకుని అడిగాడు.

"వానాకాలంలో కొండల మీదికి ఇంకా వెళ్తుంటారా?"

"ఎక్కడికైనా వెళ్తాను. ఇంతకీ మీకు బండి కావాలా, వద్దా?"

"అసలు నేనెందుకు వచ్చానంటే..."

"నాకు అర్థమైందిలెండి. ఊరికే చూసిపోదామని. లోపల పనుంది, తాళం ఇటివ్వండి."

ఆయన చిన్నబుచ్చుకోలేదు. నవ్వి తాళం ఇచ్చాడు.

"అవునండీ, చూసిపోదామనే. చూశాను. చాలా సంతోషం."

సంచి భుజాన వేసుకుని బస్టాపు వైపు నడిచాడు.

షాపాయన రుసరుసలాడుతూ లోపలికి వచ్చాడు. భార్య చిన్న స్క్రూడ్రైవర్‌తో ఎవరిదో కళ్ళజోడు బిగిస్తోంది.

"ఇలాంటివాణ్ణి ఎక్కడా చూడలేదే! సొట్ట చూశాడు, గేరు రాడ్ చూశాడు, గట్టిగా పట్టుకోమన్నాడు. తీరా తోలడం చూస్తే వెళ్ళిందీ వచ్చిందీ సెకండ్ గేర్లోనే!"

ఆవిడ చేతిలోని స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

"ఏమండీ... ఆవేళ మెకానిక్ ఏమన్నాడు?"

"ఎప్పుడు?"

"ఆసుపత్రి నుంచి బండి తెచ్చుకున్నప్పుడు. గేరు రాడ్ వంగిపోయి సెకండ్‌లోనే ఇరుక్కుపోయిందనలేదూ? ఆసుపత్రివాళ్ళు చెప్పినట్టు మిమ్మల్ని తువ్వాలుతో తన నడుముకి కట్టుకుని, కొండంతా ఆ ఒక్క గేరు మీదే దించుకొచ్చి ఉంటాడని..."

ఆవిడ మాట పూర్తికాకముందే ఆయన బయటికి ఉరికాడు. బండి తీసి, అన్ని గేర్లూ వేసి పరుగెత్తించాడు.

బస్టాపు ఖాళీగా ఉంది. ఎటు వెళ్ళే బస్సు ఎక్కాడో చెప్పే నాథుడు లేడు.

జేబులో ఫోన్ మోగింది.

"సార్, షోరూమ్ నుంచి. పాత బండి కోసం బయల్దేరుతున్నాం."

"రావద్దు బాబూ. బండి ఇవ్వను. ఆయన మళ్ళీ ఈ దారిన వస్తే దీన్ని చూసే కదా ఆగాలి."

ఫోన్ పెట్టేసి హ్యాండిల్‌కి కట్టిన అట్ట పీకేశాడు. ఊళ్ళో సగం మందికి చూపు సరిచేసిన మనిషి, ఆ అట్ట పట్టుకుని రోడ్డు మీద నిలబడిపోయాడు. బండి చూడడానికి వచ్చాడనుకున్న మనిషి, వచ్చిన దగ్గర్నుంచీ తన ముఖమే చూస్తూ ఉన్నాడని ఆయనకి అప్పుడు గుర్తొచ్చింది.