ఇరవై రోజుల ముఖం

"కదలకమ్మా! కనుబొమ్మ వంకరపోయిందంటే వారం దాకా చెరగదు," అంది ఓయ్దిన్, తల్లి గడ్డం గట్టిగా పట్టుకుని.

హోసియత్ ఊపిరి బిగబట్టింది. అగ్గిపుల్లకు చుట్టిన దూది కనుబొమ్మ మీద చల్లగా పాకింది. ఉస్మా ఆకు పసరు పూసేటప్పుడు ఆకుపచ్చగానే ఉంటుంది. ఆరాక నల్లబడుతుంది.

"ఎవరిదే పెళ్లి?" గుమ్మంలోంచి వినపడింది ఆడపడుచు సనోబర్ గొంతు. "మంచంలో ఉన్న ముసలమ్మను ఎత్తి కూర్చోబెట్టడానికి కనుబొమ్మలెందుకే నీకు?"

"ఇంతకుముందు పనికి అడిగిన రెండిళ్లవాళ్లూ ముఖం చూసే వద్దన్నారు వదినా. రోగిష్టిదానిలా ఉందన్నారట."

"ఉన్నమాటే అన్నారు."

"అత్తా, నువ్వు కాసేపు లోపలికెళ్లి టీ పెట్టు," అంది ఓయ్దిన్ విసుగ్గా.

ఇరవై ఏళ్లు తందూరు ముందు వంగి రొట్టెలు కాల్చిన ముఖం అది. సెగకు చెంపలు కమిలిపోయాయి. కాలిన కనుబొమ్మలు మళ్లీ సరిగా మొలవలేదు. ఈ వేసవిలో రొట్టెల కొట్టు యజమాని గ్యాసు పొయ్యి తెప్పించి ఆడవాళ్లందరినీ మాన్పించాడు. ఇస్తాంబుల్‌లో ఈ ముసలమ్మను చూసుకునే పని దొరక్కపోతే, సెప్టెంబరులో ఓయ్దిన్ నర్సు చదువు ఆపేసి కుట్టు ఫ్యాక్టరీలో చేరాలి. చేరే తేదీ కూడా అడిగి, కాగితం మీద రాయించుకుని వచ్చింది.

అందుకే ఇరవై రోజుల కిందట నోటుపుస్తకంలో తల్లికో పట్టిక రాసింది. పొద్దున బియ్యం కడిగిన నీళ్లు. సాయంత్రం పెరుగు. పడుకునేముందు ఆప్రికాట్ పప్పు నూనె, ముఖానికీ చేతులకూ. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టి పడుకోబెట్టేది. ముఖానికి అంటించుకునే కొరియా మాస్కు ఒక్కటి కొని, మూడు ముక్కలు చేసి, మూడు శుక్రవారాలు వాడింది. ముఖానికి రాసే రంగు క్రీము ట్యూబు కొనలేక, మర్గిలాన్ బజారులో సిరంజితో రెండు చెంచాలు పోయించుకొచ్చింది. స్నేహితురాలు పారేయబోయిన లిప్‌స్టిక్ అడుగు గీకితే పెదాలకూ సరిపోయింది, చెంపలకూ సరిపోయింది. అంతా కలిపినా ఒక కోడి ధర కాలేదు.

"మస్తూరా అక్క తందూరు దగ్గర నిన్ను తీసిన ఫోటో ఉంది చూడు, మసీ చెమటా," అంది ఓయ్దిన్ తడిగుడ్డతో కనుబొమ్మలు అద్దుతూ. "అది వాళ్లకు పంపేసిందట. ఇవాళ నిన్ను చూడగానే ఆ ఫోటో వాళ్ల బుర్రలోంచి ఎగిరిపోవాలి."

మస్తూరా ఉద్యోగాలు కుదిర్చే మనిషి. ఆవిడ చెప్పింది ఒక్కటే. "ఆదివారం నాలుగింటికి వీడియోలో పలకరిస్తారు. శుభ్రంగా కూర్చో."

నాలుగు దాటిన ఐదు నిమిషాలకు ఫోను మోగింది. తెరమీద కళ్లద్దాల ఆడమనిషి. ఆమె మాట్లాడింది తుర్కీ, హోసియత్‌కు వచ్చింది ఉజ్బెక్. సగం మాటలు కలిశాయి.

"నువ్వేనా హోసియత్?"

"నేనేనమ్మా."

ఆమె కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుంది. "నీకు నలభై ఎనిమిదా?"

"అవునమ్మా. మొన్న వసంతంలో నిండాయి."

"చేతులు చూపించు."

హోసియత్ రెండు చేతులూ ఫోనుకు దగ్గరగా పెట్టింది. పగుళ్లు లేవు. ఆప్రికాట్ నూనెకు మెత్తబడి ఉన్నాయి. ఆమె వాటిని చాలాసేపు చూసింది.

"నిజంగా నువ్వేనా?"

"నేనే!" హోసియత్‌కు నవ్వాగలేదు.

"సరే. మస్తూరాకు చెబుతాం." ఫోను ఆగిపోయింది.

ఓయ్దిన్ తల్లి మెడను కావలించుకుని ఊపేసింది. "విన్నావా? రెండుసార్లడిగింది! నలభై ఎనిమిదంటే నమ్మలేకపోయిందమ్మా!"

సనోబర్ టీ పళ్లెం దించి, మరదలి ముఖంలోకి వంగి చూసింది. "అదేమోగానీ, మా తమ్ముడుండి ఉంటే ఇవాళ నిన్ను వీధిలోకి పోనిచ్చేవాడు కాదే," అంది. ఆమె నోట అంత మంచిమాట రావడం అదే మొదలు. ముగ్గురూ నవ్వుకున్నారు. ఓయ్దిన్ ఫ్యాక్టరీ కాగితం మడిచి పళ్లెం కింద పెట్టేసింది.

రెండో గిన్నె టీ పూర్తికాకముందే మస్తూరా ఫోను చేసింది.

"పోయింది హోసియత్. నీ బదులు అండిజాన్ ఊరి మనిషిని తీసేసుకున్నారు. టికెట్ కూడా కొనేశారు."

హోసియత్ గిన్నె కింద పెట్టేసింది. "అక్కా, ఇంకొక్కసారి మాట్లాడించు. ఒక్క నిమిషం."

"ఆవిడ ఇప్పుడు నా ఫోనే ఎత్తడం లేదు. ఇక మీ ఊరి మనుషులెవరూ వద్దంది. నన్ను మోసగత్తె అంది తెలుసా?"

"ఏం మోసం చేశామక్కా? ఈ ముఖం కూడా నచ్చలేదా?"

"ముఖం నచ్చే కదే నిన్ను వారం కిందటే ఖాయం చేసుకున్నారు! ముందే చెబితే జీతం పెంచమంటావని నేనే నీకు చెప్పలేదు. ఆ తందూరు ఫోటో చూసి, ఇది కష్టం తెలిసిన మనిషి, మా అమ్మను ఎత్తగలదు అన్నారు. ఇప్పటికైనా నిజం చెప్పు, ఇవాళ ఫోను ముందు ఎవర్ని కూర్చోబెట్టావు?"