వాగు దాటే జీపు

“జీపు ఇంకో బెత్తెడు లేవాలె, దేవసహాయం. గీ ముసురుల పెద్దవాగు దాటాలె,” అన్నాడు సుదర్శన్‌రావు.

ఊళ్లో ఆయన ఇల్లు తగలబెట్టినవాళ్లు ఆ వాగు అవతలి అడవిలో ఉన్నారని మంచిర్యాలంతటికీ తెలుసు. మెకానిక్ దేవసహాయం ఆ మాట ఎత్తలేదు. చేతులు గుడ్డకు తుడుచుకుని జీపు కిందికి దూరాడు.

“గీ జీపును ఎనుక చక్రాలే గుంజుతయి దొరా. ఉత్తగ ఎత్తు లేపితే బురదల కూసుంటది. బరువు మోసే కమాన్లకు ఇనుప పట్టీలు ఎక్కిస్త. ఎనుకకు లోతు గాట్లున్న టైర్లు ఎయ్యాలె. ఎందరు పోతరు?”

“ఆరుగురం.”

“గట్లయితే రెండేసి పట్టీలు చాలు.”

పనిలో పడితే అతనికి లోకం తెలియదు. పానా తిప్పుతూ కింద నుంచే చెప్పుకుపోయాడు.

“వాగు ఇసుకల టైర్లకు గాలి జర తక్కువ ఉండాలె. దాటినంక ఇప్పచెట్ల కాడ మలుపు తిరుగంగనే అన్నీ సూదిరాళ్లే. గాడ పంపుతోని మల్ల గాలి కొట్టుకోవాలె. లేకుంటె టైరు చీరుకపోతది.”

సుదర్శన్‌రావు జీపు పక్కకు వచ్చి నిలబడ్డాడు.

“ఇప్పటిదాక ఏ బండీ గా వాగు దాటలే. నా ఇల్లు కాలవెట్టినోళ్లు తప్ప అవతలికి ఎవలు పోరు. అవతల సూదిరాళ్లున్నయని నీకెట్ల ఎరుక?”

జీపు కింద పానా చప్పుడు ఆగిపోయింది.

సుదర్శన్‌రావు వంగి అతని ముఖంలోకి చూశాడు. గొంతు మాత్రం పెంచలేదు.

“ఇంకో పట్టీ ఎక్కియ్యి. తొవ్వ చూపెతందుకు నువ్వు సుత వస్తవు. పోయేటప్పుడు ఏడుగురం. వచ్చేటప్పుడు ఆరుగురమే.”